బాతులు పోయాక కుక్క ఎక్కడుండాలి?



కొల్లేటి లంకల్లో బాతులు కాసిన కుక్క ఒకటుంది. దాని పేరు జోనంగి. ఈ పేరు వినని వాళ్లే ఎక్కువ. విన్నవాళ్లలోనూ కళ్లారా చూసినవాళ్లు తక్కువ. ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి నున్నని వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, సగానికి వాలిన చెవులు, వంపు తిరిగిన తోక. మొరగడం అరుదు. మొరగాల్సిన చోట గొంతెత్తి రాగం తీస్తుంది. మెత్తటి నేల కనపడితే ముందుకాళ్లతో గొయ్యి తవ్వుకుని అందులో ముడుచుకు పడుకుంటుంది. చేపలంటే ప్రాణం. ఇంట్లో పదిమంది ఉన్నా ఒక్కరినో ఇద్దరినో తనవాళ్లనుకుంటుంది, మిగిలినవాళ్ల జోలికి పోదు.

వరికోతలయ్యాక బాతుల మందల్ని చేలల్లోకి తోలడం మన డెల్టాలో పాత అలవాటు. రాలిన గింజ, నత్తలు, పురుగులు ఏరుకుతిని బాతులు బలుస్తాయి, చేను శుభ్రపడుతుంది, రెట్ట ఎరువవుతుంది. వందల బాతుల్ని గట్ల మీదుగా, కాలవల వెంట, ఊరి మధ్య నుంచి నడిపించాలంటే ఇద్దరు మనుషులూ రెండు కర్రలూ చాలవు. ఒక్క బాతు బెదిరితే మంద మొత్తం చెదురుతుంది. తప్పిపోయిన దాన్ని పన్ను తగలకుండా, అరిచి అదరగొట్టకుండా, దూరం నుంచి చుట్టు తిరిగి మందలో కలిపే కుక్క కావాలి. ఎక్కువగా మొరగని జోనంగి ఆ పనికి సరిగ్గా సరిపోయింది.

1970ల్లో కొల్లేట్లో సహకార సంఘాల పేరుతో చేపల చెరువులు మొదలయ్యాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో సరస్సు గర్భమూ, చుట్టుపక్కల వరిచేలూ గట్లు పోసుకుని చెరువులైపోయాయి. చేపపిల్ల వేసిన చెరువులోకి బాతును ఎవరు రానిస్తారు? బాతుల మందలు తగ్గాయి. బాతులు తగ్గాక కుక్కతో పని లేకపోయింది. కొన్నింటిని యజమానులు ఉంచుకున్నారు. చాలావాటిని గాలికి వదిలేశారు. అవి గట్ల వెంట తిరిగి, వీధికుక్కల్లో కలిసి, సంకరమై, జాతి పలచబడింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించింది. ఆ రోజుల్లో గూడబాతుల గురించి, చెరువుల మీద బతికే జనం గురించి ఎంతో చర్చ జరిగింది. జరగాల్సిందే. కుక్క ప్రస్తావన మాత్రం ఎక్కడో గాని వినపడలేదు.

2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్లలు తెచ్చింది: రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం, హిమాలయన్ షీప్‌డాగ్. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఇదే రేడియోలో, మన్ కీ బాత్‌లో, కుక్కను పెంచుకోదలచినవాళ్లు దేశీ జాతులను తెచ్చుకోమని కోరారు. ముధోల్, రాజపాళయం, కన్ని, చిప్పిపారై పేర్లు దేశమంతా వినిపించాయి. మన డెల్టా కుక్క బిళ్ల మీదా లేదు, ఆ పేర్ల వరసలోనూ లేదు. కృష్ణా గోదావరి మధ్య పుట్టి పెరిగిన మనకు ఈ లోటు పట్టాలి.

పని అయిపోయిన కుక్కకు ఏ దారీ చూపని ఊళ్లు ఉన్నట్టే, దారి చూపడం నేర్చుకున్న ఊళ్లూ ఉన్నాయి. గ్రేహౌండ్స్ అనగానే మనకు 1989లో ఏర్పడిన పోలీసు దళం గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆ పేరుకు మూలమైన కుక్క సంగతి. సన్నటి నడుము, లోతైన ఛాతీ, గంటకు 70 కిలోమీటర్ల దాకా వేగం. 1926లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, బెల్ వ్యూ మైదానంలో, యంత్రపు కుందేలు వెంట వీటిని పరిగెత్తించి పందేలు మొదలుపెట్టారు. అమెరికా, ఆస్ట్రేలియా, ఐర్లండ్ లాంటి చోట్ల కూడా ఈ పందేలు పెద్ద వ్యాపారమయ్యాయి. ఏడాదిన్నర వయసులో పందెంలోకి దిగిన కుక్క, నాలుగైదేళ్లు వచ్చేసరికి వెనకపడుతుంది. దాని ఆయుష్షేమో పన్నెండేళ్ల దాకా. మిగిలిన ఏడెనిమిదేళ్లు ఎవరు సాకాలి? ఎన్నో ఏళ్లపాటు దానికి జవాబు చంపెయ్యడమే.

తరువాత మనుషులు కదిలారు. బ్రిటన్‌లో 1975లో ఇందుకోసం ఒక ట్రస్టు పుట్టింది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990ల్లో దత్తత పథకం పెట్టింది. ఫ్లోరిడాలో 2018లో జనమే ఓటు వేసి పందేలు వద్దన్నారు, 2020 చివరికి అక్కడి పందేలన్నీ ఆగిపోయాయి. అదే 2018లో మకావులో పందేల మైదానం మూసేస్తే, 500 పైచిలుకు కుక్కలు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. అక్కడి జంతుసంక్షేమ కార్యకర్తలు నెలల తరబడి వాటిని సాకి, విమానాల్లో దేశదేశాల ఇళ్లకు పంపారు. 2024 డిసెంబరులో న్యూజిలాండ్ ప్రభుత్వం కూడా పందేలు ఆపేస్తామని ప్రకటించింది.

చట్టం ఒక్క రోజులో ట్రాకును మూసెయ్యగలదు. కుక్కను ఒక్క రోజులో ఇంటికి అలవాటు చెయ్యలేదు. నాకు ఈ వ్యవహారం మొత్తంలో అతి ముఖ్యమనిపించే భాగం ఇదే: పాత జీవితానికీ కొత్త ఇంటికీ మధ్య, కొన్ని వారాలో కొన్ని నెలలో, ఎవరో ఒకరు కుక్కను తమ ఇంట్లో ఉంచుకుని బతకడం నేర్పాలి. పందెపు గ్రేహౌండ్ పుట్టినప్పటి నుంచి జాలీ గదుల్లో ఉంటుంది. మెట్లు చూసి ఉండదు. అద్దపు తలుపు ఉందని తెలియక నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది. మిక్సీ చప్పుడుకు మంచం కిందకు దూరుతుంది. నిద్రలో తాకితే ఉలిక్కిపడి పళ్లు చూపిస్తుంది, ఎందుకంటే అంతవరకు దాని పక్కన ఎవరూ పడుకోలేదు. పిల్లి కనపడితే కుందేలనుకుంటుంది. ఒంట్లో కొవ్వు లేక చలికి వణుకుతుంది. కొన్ని మత్తుమందులు దీనికి పడవు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ ఒక్కొక్కటీ కనిపెట్టి, రాసి ఉంచి, దత్తతకు వచ్చినవాళ్లకు చెప్పేది జీతం లేని వాలంటీర్లే. మెల్‌బోర్న్‌లోనో, సిడ్నీలోనో మీ పిల్లలు ఉంటే, మాటల్లో ఒకసారి అడిగి చూడండి. వాళ్ల వీధిలోనే ఇలా మధ్యకాలపు ఆశ్రయం ఇచ్చే ఇల్లు ఉండే అవకాశం బాగా ఉంది.

విజయవాడలో మేము దీన్ని ఫాస్టరింగ్ అంటున్నాం. పేరు ఏదైనా ఫరవాలేదు. మా ఇంటికి కైకలూరు వైపు లంక ఊరు నుంచి ఒక ఆడకుక్క వచ్చింది. జోనంగి రక్తం ఎంతో, ఊరకుక్క రక్తం ఎంతో ఎవరూ చెప్పలేరు గాని, నుదుటి ముడతలు, ఆ గొంతు, ఆ తవ్వకం అన్నీ జోనంగివే. మట్టి మీద పెరిగిన ప్రాణి. టైల్స్ మీద అడుగు పెట్టగానే నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు జారాయి. ఇక గడప దాటి లోపలికి రానంది. గడప నుంచి వంటింటి వసారా దాకా గోనెసంచులు పరిచి దారి వేశాం. సంచి మీదే నడిచేది, సంచి అయిపోయిన చోట ఆగిపోయేది. రోజుకు కొంచెం కొంచెం సంచుల మధ్య ఎడం పెంచుకుంటూ పోతే, చివరికి నేల మీద నమ్మకం కుదిరింది.

మా అత్తయ్యగారు అల్లారుముద్దుగా పెంచుకున్న కరివేపాకు మొక్క మొదలు దగ్గర మట్టంతా తవ్వేసి, ఆ కుండీలో సగం ఒళ్లు ఇరికించుకుని పడుకుంది. కొట్టి మానిపించేది కాదు అది. దానికి నిద్రంటే గొయ్యి. సిమెంటు కలిపే పాత తొట్టిలో ఇసుక పోసి మేడ మెట్ల కింద నీడలో పెట్టాం. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ ఇసుక మీద నీళ్లు చల్లితే, అదే దానికి ఏసీ గది. అపార్టుమెంటువాళ్లు కూడా బాల్కనీలో ఈ ఏర్పాటు చేసుకోవచ్చు.

ఇంకొకటి చూశాను. సాయంత్రం మా సందులో పిల్లలు ఆడుకుంటుంటే, ఇది వాళ్ల చుట్టూ పెద్ద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టేది. ఎవరినీ తాకదు, అరవదు. గుండ్రం కొంచెం కొంచెం చిన్నదవుతుంది. కాసేపటికి పిల్లలందరూ, తమకు తెలియకుండానే, మా పోర్టికో మూలకు చేరి ఉంటారు. విడిపోయి పరిగెత్తిన బుడ్డోడి ముందుకు వెళ్లి అడ్డంగా నిలబడి, వాడు వెనక్కి తిరిగేదాకా కదలదు. ఈ కుక్క తన జన్మలో బాతుల మందను కాసి ఉండదు. దాని తల్లి కూడా కాసి ఉండదనుకుంటాను. పని పోయినా, ఆ పనితనం ఒంట్లోనే ఉంది. ఇలాంటి కుక్కను రోజంతా గొలుసు వేసి గేటుకు కట్టేస్తే పిచ్చెక్కినట్టవుతుంది, మనమేమో మొండి కుక్క అంటాం. పొద్దున ఎండెక్కకముందు గంటసేపు నడక, కాసేపు ఏదో ఒక పని, అంటే దాచిన బంతిని వెతకడమో, పిలవగానే రావడమో, దీనికి అన్నంతో సమానం.

జోనంగి విషయంలో ఫాస్టర్ చేసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అది ఒకరికే అలవాటు పడే కుక్క అన్నాను కదా. ఆ ఒక్కరూ మనమే అయిపోతే, రేపు వేరే ఇంటికి పంపినప్పుడు తిండి మానేస్తుంది. అందుకని తొలి రోజు నుంచే చేతులు మార్చాలి. ఉదయం నడక నాది, మధ్యాహ్నం అన్నం అత్తయ్యగారిది, సాయంత్రం బ్రష్ పట్టేది మా అబ్బాయి. అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. ఆవిడ అన్నం పెట్టిన తరువాతే కుక్క వంటింటి వైపు చూడటం మొదలుపెట్టింది గనక, ఆ ఏర్పాటు ఎంత అవసరమో ఆవిడకే ముందు తెలిసింది. దత్తతకు వచ్చేవాళ్లను కూడా ఒక్కసారి చూపించి అప్పగించకూడదు. నాలుగైదుసార్లు రమ్మనాలి, వాళ్ల చేత్తో తినిపించాలి, వాళ్ల వెంట నడక పంపాలి. ఇది వాళ్లకు విసుగనిపిస్తే, ఆ ఇల్లు ఈ కుక్కకు తగదని ముందే తెలిసిపోతుంది.

ఇచ్చేటప్పుడు బాధ ఉండదా అని అందరూ అడుగుతారు. ఉంటుంది. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు రెండు రోజులు మాట్లాడరు. ఉంచేసుకుందామనీ అనిపిస్తుంది. ఉంచేసుకుంటే ఆ ఇసుక తొట్టి నిండిపోతుంది, తరువాత వచ్చే కుక్కకు చోటుండదు. ఫాస్టర్ ఇల్లు ఖాళీ అవుతూ ఉంటేనే పనిచేస్తుంది. వెళ్లేటప్పుడు అది పడుకున్న గోనెపట్టా ఉతక్కుండా వెంట పంపండి. వాసన తోడుగా ఉంటుంది. ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఏ మాటకు వస్తుంది అన్నవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

ఈ మాటలన్నీ జోనంగి ఒక్కదానికే పరిమితం అనుకోకండి. మన నగరంలో ఇల్లు కోసం ఎదురు చూసే కుక్కలు ఎన్నో రకాలు. చలిదేశపు హస్కీని ముచ్చటపడి కొని, బెజవాడ మే నెల చూసి భరించలేక వదిలేసేవాళ్లున్నారు. పిల్లల్ని కనడం అయిపోయిన లాబ్రడార్‌లను రోడ్డు పక్కన దించేసేవాళ్లున్నారు. పెంపుడు జంతువును ఇలా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. తొలిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. ఈ రోజుల్లో ఆ డబ్బుకు ఒక పూట టిఫిను రాదు. ఇంకా మారని ఆ అంకె నాకు చాలా కష్టం కలిగిస్తుంది.

2024 సెప్టెంబరు మొదటి వారం మనమెవరమూ మరచిపోలేం. బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల కుక్కలు మేడల మీద మిగిలిపోయాయి. పడవల్లో పాలప్యాకెట్లు, పులిహోర పొట్లాలు తీసుకెళ్లిన కుర్రాళ్లు వాటికీ తిండి విసిరారు. నీళ్లు తీశాక అసలు కష్టం మొదలైంది. ఇల్లే బురదైపోయినవాళ్లు కుక్కను ఎక్కడ పెట్టుకుంటారు? అప్పుడు కావలసింది దత్తత తీసుకునేవాళ్లు కాదు. ఒక నెల, నెలన్నర ఉంచుకుని, ఇల్లు కుదుటపడ్డాక తిరిగి ఇచ్చేవాళ్లు. ఆ బుడమేరే దిగువకు పోయి కొల్లేట్లో కలుస్తుంది. పైన వరదైనా, కింద చెరువులైనా, నడిమధ్య ఇల్లు పోగొట్టుకునే ప్రాణుల్లో కుక్క కూడా ఒకటి.

2025లో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు మీరంతా విన్నారు. ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో, కుక్కలను దత్తత తీసుకోదలచినవాళ్లు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చనీ, అలా తీసుకున్నది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేననీ ఉంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసెయ్యమన్నారు. కుక్కకాటుకు పిల్లలు బలైన ఇళ్ల దుఃఖం చిన్నది కాదు, ఆ భయాన్ని కొట్టిపారెయ్యడం తప్పు. నేను అడిగేది తీసిన కుక్కలు తరువాత ఎక్కడికి వెళతాయన్నది. షెడ్డుల్లో పదుల కొద్దీ కలిపి ఉంచితే డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి త్వరగా పాకుతాయి. మనుషులతో మెలగగల కుక్కల్ని కొన్నింటినైనా ఇళ్లలో ఉంచి, అలవాట్లు నేర్పి పంపితే, షెడ్డు మీద భారం తగ్గుతుంది, దత్తత నిలబడుతుంది.

చెయ్యదలచుకున్నవాళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. కుక్క ఇంట్లోకి వచ్చే ముందే డాక్టరుకు చూపించండి. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మనకు దగ్గర్లోనే ఉంది. రేబీస్ టీకా, నులిపురుగుల మందు, పిడుదుల మందు ముందు పడాలి. లంకల నుంచి, వరిపొలాల నుంచి వచ్చిన కుక్కకు లెప్టోస్పైరోసిస్ టీకా గురించి తప్పక అడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే జబ్బు అది, మనుషులకూ సోకుతుంది. పాత కుక్క ఇంట్లో ఉంటే కొత్తదాన్ని రెండు వారాలు విడిగా ఉంచండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకండి. మిగిలిన కూరలో ఉల్లి ఉంటుందని మరచిపోతాం. ఎండలో నడకకు తీసుకెళ్లే ముందు రోడ్డు మీద చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఎంత మంచి కుక్కయినా కరిస్తే, గీరితే, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. తరచూ కుక్కలతో మెలిగేవాళ్లు ముందుగానే తీసుకోదగిన రేబీస్ టీకా కూడా ఉంది.

ఇంట్లో చోటు లేనివాళ్లు, ఇంటివాళ్లు ఒప్పుకోనివాళ్లు బాధపడనక్కర్లేదు. ఆటో ఉన్నవాళ్లు కుక్కను ఆసుపత్రికి చేర్చవచ్చు. కాలేజీ పిల్లలు పొద్దున్నే నడక తిప్పవచ్చు. మాటకారులు దత్తత అడిగినవాళ్ల ఇంటికి వెళ్లి గేటు ఎత్తు ఎంత, బాల్కనీకి గ్రిల్లు ఉందా, పండక్కి ఊరెళితే కుక్కను ఎవరు చూస్తారు, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని కనుక్కోవచ్చు. ఆఖరి ప్రశ్నకు ఇంటి ఇల్లాలి నోటి నుంచి జవాబు వినండి. అన్నం పెట్టేది చాలా ఇళ్లలో ఆవిడే.

చివరగా, లంక ఊళ్లలో ఈ ప్రసంగం వింటున్న రైతులకు, బాతులు మేపేవాళ్లకు, చెరువుల కావలివాళ్లకు ఒక మనవి. మీ గట్టు మీద జోనంగి పోలికలున్న కుక్క ఉంటే, ఉంచుకోవడం మీకు కుదరకపోతే, వదిలెయ్యకండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటారు, వాళ్లకో, దగ్గర్లోని పశువైద్యుడికో చెప్పండి. రెండు ఫొటోలు తీసి ఉంచండి. ఒకటి ఎదురుగా, నుదుటి ముడతలూ చెవులూ తెలిసేలా. ఒకటి పక్క నుంచి, తోక పూర్తిగా కనపడేలా. వయసెంతో, ఎవరి ఇంట పుట్టిందో, దాని తల్లి ఏం పని చేసేదో మీకు గుర్తున్నంత వరకు రాయండి. తీసుకెళ్లేవాళ్లకు ఆ కాగితం చాలా అవసరం.